నల్లరేగడి పల్లెలలో గులాబీ పెంపకము

గులాబీ చలిదేశపు మొక్కయనియు, మన మండుటెండలకు తాళజాలదనియు గుంటూరు, ప్రకాశము మైదానములందలి పల్లెలలో పలువురి నమ్మకము. పంచాయతీ కార్యాలయము ముంగిటను, పాఠశాల ఆవరణమునను, ఇండ్ల పెరళ్ళలోను ఏటేట మొక్కలు తెచ్చి నాటుచునే యుందురు. అవి కొన్ని పూవులు పూచి, మరుసటి వానకాలము గడచునప్పటికి ఎండుపుల్లలై నిలుచును. ఎండ చంపినదని అందరు ననుకొందురు.

ఈ నమ్మకము సరియైనది కాదు. నేడు మన పెరళ్ళలో ఏడాది పొడవున మరల మరల పూచు గులాబీలకు ఆ గుణము చైనా దేశపు గులాబీలనుండి సంక్రమించినది. వేడిమిని ఓర్చుకొను రకములు వానిలో అనేకము కలవు. మన మైదానములలో గులాబీని చంపునది సామాన్యముగ ఎండ కాదు. వేరుచుట్టు నిలిచిన నీరు, పరీక్షింపక కొన్న మొక్క, వేళ తప్పిన కత్తిరింపు, విచక్షణ లేక చల్లిన మందు - ఈ నాలుగును దానికి ముఖ్య శత్రువులు. మిరపను, ప్రత్తిని పండించు రైతునకు ఈ నాలుగింటి సంగతి ఇదివరకే సగము తెలియును. ఆ తెలివిని చేనినుండి పెరటికి తెచ్చుకొన్న చాలును.

పెరటి గులాబీతో పంచాయతీ సభ్యులకేమి పని యని కొంద రడుగవచ్చును. ఊరి సొమ్ముతో కొన్న మొక్కలు ఏటేట చచ్చుట ఒక నష్టము. అంతకంటె ముఖ్యమైన దింకొకటి కలదు. చేనిలో మిగిలిన పురుగుమందును పెరటి గులాబీపై చల్లుట మన పల్లెలలో అలవాటగుచున్నది. ఆ పూవును స్త్రీలు తలలో తురుముకొందురు, దేవునికి సమర్పింతురు, పసిపిల్లలు నోట పెట్టుకొందురు. కావున ఇది ఊరి ఆరోగ్యమునకు సంబంధించిన విషయమని గ్రహింపవలెను.

నేల సంగతి

నల్లరేగడి నేల తడిసినప్పుడు ఉబ్బును, ఎండినప్పుడు బీటలువాఱును. వర్షము పడినపుడు నీరు త్వరగా లోనికి ఇంకదు. ఇంకిన నీరు త్వరగా వెలికిపోదు. గులాబీ వేరునకు నీటితోపాటు గాలియు కావలెను. రెండు మూడు దినములు నీరు నిలిచినచో సన్నవేళ్ళు ఊపిరాడక కుళ్ళును. ఆ హాని వెంటనే పైకి కనబడదు. వానలు వెలిసి ఎండకాసిన పిదప, కుళ్ళిన వేళ్ళు నీటిని అందింపలేక ఆకులు వాలును. నీరు చాలలేదని తలచి ఇంకను నీరు పోయుదురు. మొక్క మరింత త్వరగా చచ్చును.

ఇచ్చట ఒక విషయము ప్రత్యేకముగ గమనింపదగినది. గులాబీకి లోతైన గుంట త్రవ్వి, అందు ఎఱ్ఱమట్టి, ఇసుక, ఎరువు నింపవలెనని సామాన్యముగ చెప్పుదురు. ఎఱ్ఱనేలలో ఈ పద్ధతి మంచిదే. నల్లరేగడిలో మాత్రము ఆ గుంట ఒక తొట్టివలె మాఱును. చుట్టునున్న బిగువైన మట్టినుండి నీరు వచ్చి గుల్లగానున్న గుంటలో చేరి, బయటికి పోవు దారి లేక నిలుచును. కావున రేగడిలో గుంటను లోతు చేయుటకంటె మడిని ఎత్తు చేయుట మేలు. నేలమట్టమునకు 9 మొదలు 12 అంగుళముల ఎత్తున, సుమారు మూడడుగుల వెడల్పున కట్టవలె కట్టి, నీరు జాఱిపోవుటకు ప్రక్కన చిన్న కాలువ తీయవలెను. మిరపతోటలో బోదెలు వేసి మురుగునీరు తీయు రైతునకు ఇది క్రొత్త పని కాదు.

రేగడి నేలలలో సున్నపుపాలు అధికముగ నుండుటచేత రెండవ చిక్కు కలుగును. ఇనుము నేలలో నున్నను మొక్క దానిని గ్రహింపలేదు. లేత ఆకులు పసుపువన్నెకు తిరిగి, ఈనెలు మాత్రము ఆకుపచ్చగ నిలుచును. దీనికి లీటరు నీటిలో 5 గ్రాముల అన్నభేదిని కరగించి, ఒక గ్రాము నిమ్మ ఉప్పును చేర్చి, సాయంకాలము ఆకులపై పిచికారి చేయవలెను. వారము పది దినములకొకసారి రెండు మూడు మారులు చేసిన ఆకు పచ్చబడును. గోడప్రక్కన సున్నము, సిమెంటు పెళ్ళలు కలిసిన మట్టిలో గులాబీని ఎన్నడును నాటరాదు.

నీటిని గూర్చియు ఒక మాట. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు విడుదలయైన పిదప కుడికాలువ క్రింది పల్లెలకు మంచినీరు అందినది. ప్రకాశము మెట్టప్రాంతములందు అనేక గ్రామములు నేటికిని బావులపైనను, బోర్లపైనను ఆధారపడియున్నవి. కొన్ని బోర్ల నీరు ఉప్పగా నుండును. గులాబీ ఉప్పునకు ఓర్వదు. ఆకుల అంచులు మాడుట దానికి గుఱుతు. అట్టిచోట వాననీటిని నిలువచేసి, కొద్ది మొక్కలను మాత్రమే పెంచుట వివేకము. బట్టలుతికిన సబ్బునీటిని మొక్కకు పోయరాదు.

మొక్కను కొనుట

మన పల్లెలకు వచ్చు గులాబీ మొక్కలలో అనేకము తూర్పుగోదావరి జిల్లాలోని కడియము, కడియపులంక ప్రాంతపు నర్సరీలనుండి వచ్చును. కొందరు అచ్చటికే పోయి తెత్తురు; అధికసంఖ్యాకులు వీధిలోనికి వచ్చు బండ్లవద్ద కొందురు. పూవు చూచి మొక్కను కొనుట మొదటి పొరపాటు. బండిమీది పూవు మొక్క బలమునకు గుఱుతు కాదు. కొనువారు ఈ క్రింది విషయములను పరీక్షింపవలెను.

మొదటిది అంటు. మంచి గులాబీలు చాలవరకు మొండిజాతి గులాబీ కాండముపై కన్ను అంటుకట్టి తయారుచేసినవి. అంటు అతికినచోట చిన్న బుడిపె కనబడును. ఆ బుడిపె గట్టిగా, పగుళ్ళు లేక యుండవలెను. దానిపైనుండి వెడలిన కొమ్మలు రెండు మూడైనను ఉండవలెను. ఒక్కొక్కటి పెన్సిలు లావునకు తగ్గరాదు. బుడిపె క్రిందినుండి మాత్రమే చిగురించిన మొక్క అంటు చచ్చిన మొక్క. దానిని కొన్నవాడు కోరిన పూవును ఎన్నటికిని చూడడు.

రెండవది మట్టిముద్ద. దూరప్రయాణమునకై వేళ్ళచుట్టు జిగటమట్టిని ముద్దగా చుట్టి పంపుట కలదు. ఆ ముద్ద ఎండి రాయివలె నగును. దానిని అట్లే నాటినచో వేళ్ళు బయటికి రాలేక లోననే చుట్టుకొనును. నాటుటకు ముందు ముద్దను బకెట్టునీటిలో అరగంట నానవైచి, పైమట్టిని మెల్లగా విడదీసి, వేళ్ళు తెగకుండ చూచి నాటవలెను.

మూడవది రకము. పెండ్లిండ్లలో కనబడు పొడవుకాడల గులాబీలు తమిళనాడులోని హోసూరు, కర్ణాటకములోని బెంగుళూరు ప్రాంతములనుండి వచ్చును. తెలుగువారు విస్తారముగ నివసించు హోసూరు సుమారు 3,000 అడుగుల ఎత్తున నున్నది. అచ్చటి చల్లదనమున, పాకలవంటి హరితగృహములలో ఆ రకములను పెంచుదురు. పల్నాటి ఎండలో ఆరుబయట అవి అట్లు పూయవు. మన పెరటికి పన్నీరు గులాబీయు, గుత్తులుగా పూచు చిన్నగులాబీలును అనువైనవి. పెద్దపూవులు కోరువారు గట్టిదనమునకు పేరొందిన గులాబీవన్నె క్వీన్ ఎలిజబెత్, తెల్లని ఐస్‌బెర్గ్ మున్నగువానిని ప్రయత్నింపవచ్చును.

మనదేశములోనే సృష్టింపబడిన రకములు కూడ కలవు. గోధుమకు త్రుప్పు తెగులును తట్టుకొను రకములకై జీవితమంతయు కృషిచేసిన డాక్టరు బి.పి.పాల్ 1965లో భారత వ్యవసాయ పరిశోధనా మండలికి తొలి డైరెక్టరు జనరలు అయిరి. ఆయన తీరిక వేళలలో గులాబీలను సంకరపఱచి అనేక రకములను దేశమున కిచ్చిరి. ఆహారపు పంటపై పరిశ్రమించినవాడు పూవును చిన్నచూపు చూడనక్కఱలేదని ఆ మహనీయుని జీవితము తెలుపుచున్నది.

నాటు కాలము, నాటు విధము

తొలకరి వానకు మొక్కలు నాటుట మన వాడుక. గులాబీ విషయమున ఇది మన ప్రాంతమునకు అంత మంచిది కాదు. జూలైలో నాటిన మొక్క వేరూనులోగా అక్టోబరు, నవంబరు తుపాను వానలు వచ్చును. ప్రకాశము జిల్లాకు వర్షపాతములో పెద్దభాగము ఈశాన్య ఋతుపవనమువలననే వచ్చునని మనకు తెలియును. కావున వానలు తెఱపియిచ్చిన పిదప, నవంబరు చివరనుండి డిసెంబరు వఱకు నాటుట మేలు. అప్పుడు నాటిన మొక్క వేసవిలోగా నాలుగు నెలలు చల్లని దినములలో వేరు పాఱును.

రోజునకు ఆరు గంటలైనను ఎండ తగులుచోటు కావలెను. ఉదయపు ఎండ తగిలి, మధ్యాహ్నము మూడు గంటల తరువాత నీడ పడుచోటు ఉత్తమము. ఎఱ్ఱమట్టి రెండుపాళ్ళు, మాగిన పశువుల ఎరువు ఒకపాలు, ఇసుక ఒకపాలు కలిపి మడి కట్టి, పిడికెడు వేపపిండి చేర్చవలెను. మొక్కకును మొక్కకును రెండున్నర అడుగుల ఎడముండవలెను. అంటు బుడిపె మట్టికి రెండంగుళముల పైన నుండునట్లు నాటుట ముఖ్యము. బుడిపె కప్పబడినచో అది కుళ్ళవచ్చును. క్రిందినుండి లేచు పిలకలను కనిపెట్టుటయు కష్టమగును.

ఈ పిలకలను గూర్చి గృహిణులకు తప్పక తెలియజేయవలెను. అంటు దిగువనుండి లేచు పిలక చూపునకు ఏపుగా, పొడవుగా పెరుగును. ఆకులు, ముండ్లు వేఱుతీరున నుండును. మొక్క బాగుగ పెరుగుచున్నదని సంతోషింతురు. ఆ పిలక పై అంటు భాగమునకు అందవలసిన ఆహారమును తానే తిని, కొద్దికాలములో దానిని చంపును. మా గులాబీ రంగు మాఱిపోయినదని కొందరు చెప్పుటకు కారణ మిదియే. పూవు మాఱలేదు, కొన్న మొక్క చచ్చి, క్రిందిమొక్క మిగిలినది. మట్టిని కొంచెము తొలగించి, పిలకను పుట్టినచోటనే పెఱికివేయవలెను. పైపైన కోసిన మరల రెండింతలుగ వచ్చును.

కత్తిరింపు

గులాబీ క్రొత్త కొమ్మకే మంచి పూవు పూయును. ముదిరిన కొమ్మలను అట్లే ఉంచినచో పూవు చిన్నదై, తెగుళ్ళకు ఆశ్రయమగును. అందుచేత సంవత్సరమున కొకసారి గట్టి కత్తిరింపు అవసరము. వానలు తగ్గి, రాత్రులు చల్లబడునపుడు, అనగా అక్టోబరు చివరినుండి నవంబరు చివరివఱకు దానికి తగిన కాలము. తుపాను జల్లులలో కత్తిరించిన గాయములలో శిలీంధ్రములు చేరును. కనుక ఆకాశము చూచి దినము నిర్ణయించుకొనవలెను.

కత్తిరించిన నాటినుండి సుమారు 45 మొదలు 50 దినములకు పూవులు వచ్చును. ఈ లెక్క తెలిసిన, కోరిన పండుగకు పూవులు పూయించుకొనవచ్చును. సంక్రాంతికి కావలెనన్న నవంబరు చివరి వారములోను, జనవరి 26వ తేదీ గణతంత్ర దినోత్సవమునకు కావలెనన్న డిసెంబరు రెండవ వారములోను కత్తెర వేయవలెను. పాఠశాలలో పిల్లలచేత ఈ లెక్క కట్టించి చూపుట మంచి పాఠమగును.

కత్తిరించు విధ మిది. ముందుగా ఎండిన కొమ్మలను, తెగులు సోకిన వానిని, పుల్లలవంటి సన్నకొమ్మలను, ఒకదాని నొకటి రాచుకొను వానిని మొదలంట తీసివేయవలెను. నాలుగైదు బలమైన కొమ్మలను మాత్రము నిలిపి, పెద్దపూల రకములైన అడుగున్నర, రెండడుగుల ఎత్తునకు తగ్గింపవలెను. గుత్తిపూల రకములను, పన్నీరు గులాబీని అంత గట్టిగా కోయక, మూడవవంతు తగ్గించిన చాలును. ఇటీవల నాటిన మొక్కకు మొదటి సంవత్సరము గట్టి కత్తిరింపు కూడదు. బయటివైపు చూచు కన్నునకు పావు అంగుళము పైన, ఏటవాలుగ కోయవలెను. అట్లు కోసిన క్రొత్త కొమ్మలు బయటికి పెరిగి, మొక్క నడుమ గాలియు వెలుతురును ఆడును.

కత్తెర పదునుగా నుండవలెను. మొద్దు కత్తెర కొమ్మను నలుపును. నలిగినచోటనుండి కొమ్మ ఎండు తెగులు ప్రారంభమగును. మిరపలో ఈ పేరుగల తెగులును ఎఱుగని రైతు లేడు. గులాబీలోను కొమ్మ కొననుండి నల్లబడి క్రిందికి దిగును. నల్లబడిన భాగమునకు రెండంగుళములు దిగువన పచ్చికొమ్మలో కోసి, కోతకు బోర్డో ముద్దను పూయవలెను. మైలుతుత్తము ఒకపాలు, సున్నము ఒకపాలు, నీరు పదిపాళ్ళు కలిపిన నది సిద్ధమగును. ఫ్రాన్సు దేశములో బోర్డో ప్రాంతపు ద్రాక్షతోటలలో 1880వ దశకమున పుట్టిన ఈ మందు నేటికిని రైతునకు చేదోడుగ నున్నది.

కత్తిరింపు ముగిసిన పిదప మొక్కకు సుమారు 10 కిలోల మాగిన పశువుల ఎరువు, పావుకిలో వేపపిండి వేసి మట్టిలో కలిపి నీరు పెట్టవలెను. పూచి వాడిన పూవులను ఎప్పటికప్పుడు, క్రింద నున్న మొదటి ఐదాకుల రెమ్మవఱకు కోసివేసిన మరల చిగురు వచ్చును. వేసవిలో గట్టి కత్తిరింపు చేయరాదు. కొమ్మల బెరడు ఎండకు మాడును. మొదటిచుట్టు వరిగడ్డినిగాని వేరుశనగ పొట్టునుగాని పఱచి, చెదలు పట్టకుండ కనిపెట్టుచు, ఉదయమే నీరు పోయవలెను. మట్టిని రెండంగుళములు కెలికి చూచి, పొడిగా నున్నప్పుడే పోయుట నియమముగ పెట్టుకొనవలెను.

చేని పురుగే పెరటి పురుగు

మిరపలో పైముడతకు కారణమైన తామరపురుగు గులాబీకిని పరమశత్రువు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున 2005లో ఈ పురుగు గులాబీలపై కనబడి వ్యాపించినది. అచ్చటివారు నేటికిని దానిని మిరప తామరపురుగు అనియే పిలుచుచున్నారు. గులాబీపై ఇది లేత చిగుళ్ళను గీకి రసము పీల్చును. ఆకులు ముడుచుకొని రాగివన్నె తిరుగును. మొగ్గలు విచ్చక, రేకుల అంచులు మాడును. చేను చేరువనున్న ఇండ్లలో ఈ బాధ అధికము.

2015లో బెంగుళూరువద్ద బొప్పాయిపై మనదేశమున మొదటిసారి గుర్తింపబడిన మఱియొక నల్ల తామరపురుగు, 2021లో గుంటూరు ప్రాంతపు మిరపతోటల పూతపై విరుచుకుపడిన సంగతి రైతులు మఱువలేరు. మందుపై మందు కొట్టినను అది లొంగలేదు. విచక్షణ లేని పిచికారివలన పురుగును తిను మిత్రకీటకములు నశించుటయు అందులకొక కారణమని శాస్త్రజ్ఞులు హెచ్చరించిరి. ఆ పాఠము పెరటికిని వర్తించును.

పెరటిలో పది మొక్కలే యుండును. ముడుచుకొన్న చిగుళ్ళను, మాడిన మొగ్గలను గిల్లి కాల్చివేయవచ్చును. ఆకుల అడుగున నీటిని బలముగ చిమ్మవచ్చును. నీలిరంగు జిగురు అట్టలను కట్టవచ్చును. అరకిలో వేపగింజల పప్పును పొడిచేసి, పది లీటర్ల నీటిలో రాత్రియంతయు నానబెట్టి, వడకట్టి, కొంచెము సబ్బుపొడి చేర్చి సాయంకాలము చల్లవచ్చును. కొమ్మలకు పట్టిన పొలుసు పురుగును కిరసనాయిలులో ముంచిన దూదితో తుడిచిన చాలును. నల్లమచ్చ తెగులు సోకి రాలిన ఆకులను ఏరి కాల్చవలెను. ఇన్నిటికిని కావలసినది వారమున కొక గంట కాలము మాత్రమే.

విషమును పెరటికి రానీయరాదు

చేనికి తెచ్చిన మందులో మిగిలినదానిని పెరటిలో చల్లుట మూడు విధముల అపాయకరము. మొక్కలోనికి పీల్చుకొనబడు మందులు పూరేకులకును చేరును. చల్లిన మందు ముంగిలిలోని నీటితొట్టిపైనను, పశువుల మేతపైనను పడును. డబ్బా ఇంటిలో పిల్లల చేతికందును. మోనోక్రోటోఫాస్ వంటి తీవ్రమైన మందును కూరగాయలపై వాడరాదని 2005లోనే ప్రభుత్వము నిషేధించినది. 2017లో మహారాష్ట్రములోని యవత్మాలు జిల్లాలో ప్రత్తికి మందు చల్లుచు ఇరువదిమందికి పైగా మరణించిరి. మన ప్రత్తిరైతులు ఈ విషయమును మనసున నిలుపుకొనవలెను.

మందు డబ్బాపై రంగుగుఱుతు ఉండును. ఎఱుపు అత్యంత విషము, పసుపు అధిక విషము, నీలము మధ్యమ విషము, ఆకుపచ్చ స్వల్ప విషము. అక్షరము రానివారును దీనిని గుర్తింపగలరు. ఎఱుపు, పసుపు గుఱుతుల డబ్బాలను ఇంటి గడప దాటనీయరాదు. కలుపుమందు కొట్టిన పంపును గులాబీకి వాడుటయు ప్రమాదమే. పంపులో మిగిలిన 2,4-డి చుక్కలకు ప్రత్తి ఆకు వేళ్ళవలె సన్నబడి మెలితిరుగుట రైతులు చూచినదే. గులాబీయు అట్లే మెలితిరుగును. ఖాళీ డబ్బాలతో మొక్కలకుగాని మనుషులకుగాని నీరు మోయరాదు. ఎవరికైనను విషలక్షణములు కనబడినచో 108 వాహనమును పిలిచి, మందు డబ్బా చీటీతోకూడ ఆసుపత్రికి చేర్చవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

పంచాయతీ సభ్యులు ఈ విషయమున కొన్ని సులభమైన కార్యములు చేపట్టవచ్చును. ఊరి స్థలములకు మొక్కలను జూలైలో కాక నవంబరు తరువాత కొనవలెను. ఏబది మొక్కలు నాటి మఱచుటకంటె పది మొక్కలు నాటి, నీరు పోయు బాధ్యతను ఒకరికి అప్పగించుట మేలు. ఎత్తుమడులు కట్టక మొక్కలు కొనరాదని తీర్మానించుకొన్న సగము నష్టము తప్పును. ఊరికొక మంచి కత్తెరను కొనియుంచి, నవంబరులో పాఠశాల ఆవరణమున కత్తిరింపును అందరికిని చేసి చూపింపవలెను. పురుగుమందుల ఖాళీ డబ్బాలను వీధిలో పాఱవేయకుండ ఒకచోట చేర్చు ఏర్పాటు చేయవలెను. సందేహములున్న రైతు సేవా కేంద్రములోని సిబ్బందినిగాని, గుంటూరు చేరువనున్న లాం పరిశోధనా క్షేత్రపు శాస్త్రజ్ఞులనుగాని సంప్రతింపవచ్చును.

నల్లరేగడిలో మిరపకు ఎఱ్ఱదనము, ప్రత్తికి తెల్లదనము తెప్పించిన రైతునకు గులాబీని పూయించుట అసాధ్యము కాదు. నీరు నిలువనీయని మడి, పరీక్షించి కొన్న మొక్క, వేళకు వేసిన కత్తెర - ఈ మూడింటిని సమకూర్చి విషమును దూరముంచినచో, వచ్చు సంక్రాంతికి ఇంటి ఆడపడుచు తలలో పెట్టుకొను పూవు మన పెరటిదే కాగలదు. అది నిర్భయముగ పెట్టుకొనదగిన పూవుగ నుండునట్లు చూచుట గ్రామపెద్దల కర్తవ్యము.